‘మా’ తర్వాతి మాట

ఆ రోజు పొద్దున మైకమ్మ టీలో చక్కెర వేయడం మర్చిపోయింది. మొగుడు ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా లేచి తనే డబ్బా మూత తీసి వేసుకున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో మాటలు మహా పొదుపు. ఆయన పొదుపు చేసిందంతా ఆవిడ ఖర్చుపెట్టేస్తుందని చుట్టాలు ఎకసెక్కాలాడుతుంటారు.

మైకమ్మ అన్నది బస్టాండులో వచ్చిన పేరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పే గొంతు ఆవిడదే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. సంచులు మోస్తూ కంగారుపడే వాళ్లు కూడా ఆ గొంతు వినగానే కాస్త కుదుటపడతారు. ఆ మైకు గదిలో ఆవిడ నేర్చుకున్న పాఠం ఒక్కటే. మైకు మూగబోకూడదు. ఆగితే ఎవరికో బస్సు తప్పిపోతుంది.

అలాంటి తల్లికి మాట తడబడే పిల్ల పుట్టింది.

తండ్రి ముద్దుగా పిట్ట అని పిలిచే ఆ పిల్లకి పదిహేడేళ్లు. దుకాణంలో గానీ బడిలో గానీ పిల్ల ఎక్కడ ఆగితే అక్కడ తల్లి అందుకునేది. “పె...” అని పిల్ల అనేలోపే “పెన్సిలు ఇవ్వండి” అనేసేది. చాలాసార్లు పిల్లకి కావలసింది కూడా అదే. జడ వేసినంత మామూలుగా మాట కూడా పూర్తిచేసి పెట్టేది. అది ప్రేమ కాదని ఎవరనగలరు?

ఆ పిల్ల ఇప్పుడు పెద్ద యూనివర్సిటీకి గురిపెట్టింది. మనిషి గొంతులో మాట ఎలా పుడుతుందో, ఎక్కడ చిక్కుపడుతుందో చదివే కోర్సు. వేలమంది రాస్తే గుప్పెడుమందిని తీసుకుంటారు. ఒక్కరికి ఒక్కసారే అవకాశం. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ, అదీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని.

అందుకోసం మైకమ్మ పొద్దుటి డ్యూటీలన్నీ ఎవరెవరినో బతిమాలి మార్చుకుంది. భోజనాల బల్ల దగ్గర తనే ప్రొఫెసరై కూర్చుని ప్రశ్నలడిగింది. “ఈ చదువే ఎందుకు?” అన్న ప్రశ్నకి జవాబు కూడా తనే కూర్చిపెట్టింది.

“‘మాట తడబడే పిల్లని కాబట్టే మాట గురించి చదవాలనుకుంటున్నాను.’ అంతే. ఇంకేం చెప్పకు. వాళ్ల మనసు కరిగిపోవాలి.”

“అది నా జవాబు కా... కా...”

“కాదంటావా? నీది కాకపోతే ఇంకెవరిదే? మళ్లీ చెప్పు.”

పిట్ట మళ్లీ చెప్పింది. అలా రోజూ చెప్పింది.

ఇంటర్వ్యూ ఉన్న ఆ పొద్దున సెలవు పెట్టిన తండ్రి, కూతురి గది కుర్చీ కిర్రుమంటోందని నూనె వేసి వచ్చాడు. కూతురు గదిలోకి వెళ్తూ తల్లి వైపు తిరిగింది.

“అమ్మా, గదిలో నేను తప్ప ఎవరూ ఉండకూడదు. నువ్వు వం... వంటింట్లోనే ఉండు.”

“నాకు తెలీదా? ఒట్టు, అడుగు కదపను.”

ఒట్టు తీసి గట్టుమీద పెట్టడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. పిల్ల గొంతు ఎండిపోతుందేమో అనిపించింది. గ్లాసులో నీళ్లు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. ఆ తలుపు గొళ్లెం ఎప్పుడూ సరిగ్గా పడదు. సందులోంచి కూతురి వీపు, వీపు మీద తను వేసిన జడ కనిపించాయి. నీళ్లు ఇవ్వకుండా అక్కడే నిలబడిపోయింది.

లోపల అంతా బాగానే సాగుతోంది. తెర మీద ముగ్గురు. పిట్ట ఆగినప్పుడల్లా వాళ్లూ ఆగుతున్నారు. తొందరపెట్టడం లేదు. ఒకాయన నవ్వాడు కూడా. అప్పుడు మధ్యలో కూర్చున్న పెద్దావిడ అడిగింది.

“చివరిగా ఒకటి. ఈ చదువే ఎందుకు?”

మైకమ్మ పెదవులు తమంతట తామే కదిలాయి.

“మా...” అంది పిట్ట. ఆగింది. “మా... మా...”

నిశ్శబ్దం. తెర మీది ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. పిట్ట భుజాలు బిగుసుకున్నాయి. మైకు మూగబోకూడని గదిలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బస్సు కదిలిపోతోంది. పిల్ల ఎక్కలేకపోతోంది.

“మాట తడబడే పిల్లని కాబట్టి.”

స్పష్టంగా, నిదానంగా, బస్టాండులో చెప్పినట్టే చెప్పింది. గుసగుసలాడటం ఆ గొంతుకి ఏనాడూ తెలియదు.

తెర మీది పెద్దావిడ ముఖంలో నవ్వు పోయింది. “మీ గదిలో ఎవరున్నారు?”

పిట్ట వెనక్కి తిరగలేదు.

“మా అమ్మ,” అంది. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

పెద్దావిడ తలవంచుకుని, చాలా మెల్లగా మాట్లాడింది. రెండో మనిషి జవాబు అందిస్తే ఇంటర్వ్యూ అక్కడితో ఆపేయాలని నియమం ఉందట. తనకి బాధగా ఉందట. తెర నల్లబడింది.

తర్వాత గంటసేపు మైకమ్మ ఫోన్లోనే ఉంది. తప్పంతా తనదని, పిల్లకేం తెలియదని, ఇంటర్వ్యూ మళ్లీ పెట్టమని, కావాలంటే తను ఇల్లు వదిలి వీధిలో నిలబడతానని చెప్పింది. అవతల యూనివర్సిటీ ఆఫీసులో అమ్మాయి అంతా విని, “అర్థమవుతోందండీ, కానీ కుదరదు,” అంది. మైకమ్మ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. అవతల ఫోను పెట్టేశారు.

“ఇంక చాలు,” అన్నాడు మొగుడు. “కాలు జారితే తీసుకోగలం గానీ, నోరు జారితే తీసుకోలేం.”

“అంటే నేను కావాలని చేశానా? చెప్పండి. దానికి మాట రాకపోతే చూస్తూ ఊరుకోనా? దానికి పుట్టినప్పట్నుంచీ నోరై ఉన్నది ఎవరు? మీరా? పిల్ల ఏడ్చినా ‘ఊఁ’ అనే మనిషి మీరు.”

“నేను ఊరుకున్నప్పుడల్లా అది మాట్లాడేది. నా దగ్గర అది పూర్తిగా మాట్లాడుతుంది. టైం పడుతుంది, అంతే. నీకెప్పుడూ చెప్పలేదు. చెప్తే బాధపడతావని.”

మైకమ్మ కుర్చీలో కూలబడింది. తన కూతురు పూర్తిగా మాట్లాడటం తను ఎప్పుడు విన్నదో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు.

పిట్ట గదిలోంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

“పోనీ ఇంకో కాలేజీ చూద్దాం. వచ్చే వారం నేనే వెళ్లి...” మొదలుపెట్టింది తల్లి.

“అమ్మా, నేను చె... చె...”

“చెప్ప...” అంటూ మైకమ్మ అలవాటుగా అందుకోబోయింది. మొగుడు ఆవిడ చేతిమీద చెయ్యి వేశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

“...చెప్పాల్సింది అది కాదు.”

చాలాసేపు పట్టింది పిట్టకి. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అవడం లేదు. తల్లి కళ్లు కూతురి పెదవుల మీదే ఉన్నాయి. మాట దగ్గరికొచ్చి వెనక్కిపోయినప్పుడల్లా ఆవిడ కొంగుని ఇంకా లోపలికి కుక్కుకుంది గానీ అందించలేదు.

“చిన్నప్పుడు బడి అవగానే బ... బస్టాండుకి వచ్చి బల్ల మీద కూర్చునేదాన్ని గుర్తుందా? నీ డ్యూటీ అయ్యేదాకా. పైన స్పీకర్లోంచి నువ్వు మాట్లాడేదానివి. ఎవరెవరో ఎక్కడికో పోతూ నీ గొంతు విని ఆగేవాళ్లు. ఒక ముసలాయన దారి తప్పి ఏడుస్తుంటే, నువ్వు ఆయన పేరు పిలిచావు. ఏడుపు ఆపేశాడు. ఒక గొంతు మనిషిని అలా ఎలా ప... పట్టుకుంటుందో అనుకున్నా. అది చదవాలనుకున్నా. నా నత్తి గురించి కాదు.”

మైకమ్మ కొంగు తీసింది. “మరి అక్కడ ‘మా... మా...’ అన్నావు కదే. మన జవాబుకీ అదే కదా మొదలు.”

“ ‘మా అమ్మ’ అనబోయా. ఈ చదువే ఎందుకు అంటే, మా అమ్మ వల్ల.”

వీధిలో స్కూటర్ స్టార్ట్ అయ్యింది, వెళ్లిపోయింది.

“తర్వాత అన్నాగా,” అంది పిట్ట. “గదిలో ఎవరున్నారు అన్నప్పుడు. నా జవాబు అదే అమ్మా. ప్రశ్నే మారిపోయింది.”

ఇంకొక్క క్షణం ఆగి ఉంటే. ఒక్క క్షణం తన నోరు మూసుకుని ఉంటే, కూతురు ఆ ముగ్గురి ముందు తన గురించి చెప్పి ఉండేది. ఆ మాట తలుపు సందులోంచి తనే విని ఉండేది. సీటు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఆ మాటని తన గొంతుతోనే నొక్కేశానన్న బాధ ఒక ఎత్తు. మైకమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. మొగుడు లేచి, పొద్దున ఇవ్వకుండా ఉండిపోయిన ఆ గ్లాసు నీళ్లే తెచ్చి ముందు పెట్టాడు.

“నేను...” అంది ఆవిడ కూతురి చేతులు పట్టుకుని. “నేను... నేను...”

వేలమందికి దారి చెప్పిన గొంతు అక్కడే ఆగిపోయింది. ఆవిడ ఏమనబోతోందో పిట్టకి తెలుసు. అందివ్వడం ఎంతో తేలిక.

పిట్ట అందివ్వలేదు. తల్లి చేతులు వదలకుండా, తొందరేమీ లేదన్నట్టు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.