దప్పిమొక్క

2081 నాటికి అనంతపురంలో క్యాన్సర్ రోగి ఉన్న ప్రతి ఇంటి కిటికీలోనూ ఒక కుండీ కనిపించేది. అందులో బిళ్ళగన్నేరు జాతి మొక్క, కుండీ మీద రోగి పేరు. జనం దాన్ని దప్పిమొక్క అనేవారు.

దాన్ని సృష్టించింది డాక్టర్ వకుళ. ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు మొక్క ఆకుల్లో విషం కూడబెట్టుకుంటుంది. ఆ విషాన్నే కొలిచి ఇస్తే క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. వకుళ రోగి కణితిలోని జన్యువులను చదివి, వాటికి తగ్గట్టు మొక్క జన్యువులను మార్చేది. ఇక ఆ మొక్క తయారుచేసే ఆల్కలాయిడ్ అనే విషం ఆ మనిషికే సరిపోతుంది. షరతు ఒక్కటే. ఆరు రోజులు చుక్క నీరు పోయకూడదు. ఆకులు వేలాడిపోయి, ఇక బతకదు అనిపించినప్పుడు కోయాలి. ఆకులో మందెంత ఉందో కుండీలన్నిటినీ కలిపే మాట్లాడే యంత్రం ‘కావలి’ చెబుతుంది.

తల్లి పోయాక వకుళను పెంచిన అక్క చెన్నమ్మకే ఇప్పుడు కాలేయంలో కణితి. మొదటి కోతలో మందు బాగానే వచ్చింది. రెండో కోత నుంచి పడిపోయింది. వకుళకు పిచ్చెక్కినంత పనైంది. జన్యువుల్లో తప్పుందనుకుని మూడుసార్లు మార్చింది. మూడు నెలలు వృథాగా పోయాయి. ఈలోగా కణితి ఊపిరితిత్తులకు పాకింది.

ఒక మధ్యాహ్నం చెన్నమ్మ మాత్ర మింగి, గ్లాసులో మిగిలిన నీళ్లు కుండీలో ఒంపడం వకుళ కళ్లారా చూసింది.

“అక్కా! ఏం చేస్తాండావు?”

“గుక్కెడు నీళ్లే కదమ్మీ. మన సీమలో నీళ్లు పారబోసినోళ్లు యాడుండారు?”

“రోజూ పోస్తాండావా?”

చెన్నమ్మ తల దించుకుంది. “దానికి నా పేరు పెట్టినారు. అది కండ్ల ముందర వాడిపోతాంటే నేనే పోతాన్నట్ల ఉంటాది. సూడలేకపోతి.”

వకుళ కుండీ వైపు తిరిగింది. “నీకు తెలుసా?”

“తెలుసు,” అంది కావలి. “మీరు ఆకు గురించే అడిగారు. నీళ్ల సంగతి చెప్పొద్దని చెన్నమ్మగారన్నారు. కుండీ ఆమెది.”

“మిగతా ఇళ్లలో?”

“జిల్లాలో నాలుగు వేల కుండీలున్నాయి. ఎండనిచ్చినవి నూట పన్నెండు.”

వకుళ కుండీ మీది పేరు చూసింది. ప్రయోగశాలలో ఏ మొక్కకూ పేరు లేదు. అక్కడ అన్నీ నంబర్లే.

మందుకు లొంగే దశ దాటిపోవడంతో వకుళ ఇక ఆ నీళ్లకు అడ్డు చెప్పలేదు. పంతొమ్మిది రోజులకు చెన్నమ్మ పోయింది.

ఆ తర్వాత ఐదో రోజున కావలి మాట్లాడింది. “కదిరిలో ఒకామె ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు. ఆమె కణితి చెన్నమ్మగారి కణితి లాంటిదే, ఈ మందే సరిపోతుంది. వేరే మొక్క పెంచేంత వ్యవధి లేదు. ఇది ఐదు రోజులుగా ఎండుతోంది. రేపు కోస్తే ఆమె బతుకుతారు.”

వకుళ మొక్కను చూసింది. ఆకులు వేలాడుతున్నాయి. కుండీ మీద అక్క పేరు. గ్లాసుతో నీళ్లు తెచ్చుకుంది. సగం తాగింది. ఆ పేరునే చూస్తూ మిగతా సగం కుండీలో ఒంపేసింది.

“తేమ నమోదైంది,” అంది కావలి. “కదిరి ఆమెకు ఏం చెప్పమంటారు?”

వకుళ ఖాళీ గ్లాసును కిటికీలో పెట్టింది.

“నీళ్ల సంగతి చెప్పొద్దు,” అంది.