అపేక్ష

పొద్దున్నే పాలు సగం కాగేసరికి గ్యాస్ అయిపోయింది. ఝరణా బండ కోసం ఫోన్ చేసి వాకిట్లో కూర్చుంది. భర్త డ్యూటీకి వెళ్ళిపోయాడు. భువనేశ్వర్‌లో ఆడపడుచు ఋతుపర్ణ ఇంట్లో సత్యనారాయణ పూజ. ఝరణా బోఉ అని పిలిచే అత్తగారు నిశామణి నిన్ననే అక్కడికి వెళ్ళింది.

ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఋతు ఇంగ్లీషులో అడిగింది, ఇంకా బయల్దేరలేదేమని. ఒడియాలో జవాబిస్తే మళ్ళీ నవ్వుతుంది. ఎదురుచూడడాన్ని ఒడియాలో అపేక్షా అంటారు. దానికి చుట్టంలా వినిపించే ఇంగ్లీషు మాట ఒకటి ఝరణాకు తెలుసు. "ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్. టుడే నాట్ కమింగ్" అని పంపి ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం కాకముందే, ఝరణా నీళ్ళ బకెట్టు మోసుకొస్తుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. అత్తగారు! నుదుట ఊళ్ళోని చండీ గుడి కుంకుమ, ఒక చేతిలో కొబ్బరిచిప్పలు, ఇంకో చేతిలో ఆకులో చుట్టిన ఛెనాపోడ, కాల్చిన పాలవిరుగుడు మిఠాయి. మాడిన చక్కెర వాసన వాకిలంతా కమ్ముకుంది. వెనకాలే పక్కింటి కనకలత.

"బకెట్టు దించు ముందు! ఎవరు మొయ్యమన్నారే నిన్ను?"

"పూజ అయిపోయిందా, బోఉ?"

"పూజ ఋతు చూసుకుంటుందిలే. ఎనిమిదేళ్ళకి తల్లి కరుణించింది! అత్తకి నోటితో చెప్పడానికి సిగ్గేసి ఇంగ్లీషులో రాశావా, దొరసానీ?"

"విశేషమట కదా, ఎన్నో నెల?" అంది కనకలత.

ఝరణా బకెట్టు దించింది. "బోఉ... గ్యాస్ బండ కోసం ఎదురుచూస్తున్నానని రాశాను."

కనకలత పొయ్యి మీద పప్పుందంటూ జారుకుంది. అంతలో ఋతు ఫోన్. సంగతి వినగానే వదిన మీద ఇంతెత్తున లేచింది.

"పూజకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాను కదా, భాఉజా! ఎదురుచూడడమంటే వెయిట్. ఎక్స్‌పెక్ట్ అంటే వస్తుందని ఆశపెట్టుకోవడం. ఊరికే అలా రాస్తే కడుపుతో ఉన్నట్టు. రాకపోతే ఒడియాలో ఏడవచ్చుగా!"

ఝరణా ఫోన్ పెట్టేసింది. "ఇంగ్లీషు రానందుకు కాదు బోఉ, నా సిగ్గు. మనవలు లేకపోయినా నాకు కోడలు చాలని మీరంటే నిజమేననుకున్నాను. మీకింత ఆశ ఉందని తెలియకుండా ఇన్నేళ్ళు మీ పక్కనే కూర్చుని హాయిగా అన్నం తిన్నాను."

నిశామణి చేతిలోని పొట్లం వంక చూసుకుంది.

"ఇదంటే నీకు ప్రాణమని పెళ్ళైన ఏడాదే తెలుసు నాకు. గుడికెళ్ళినప్పుడల్లా ఆ కొట్టు ముందునుంచే వస్తాను. ఒక్కనాడూ ఆగలేదు, ఇవాళ ఆగాను. కడుపులో ఉందనుకున్న బిడ్డకి తెచ్చానే గానీ, కళ్ళెదుటి బిడ్డకి తేలేదు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటూ నేను చేసిందేమిటమ్మా?"

పొట్లం విప్పి ముక్క తుంచి కోడలి నోటికి అందించింది. ఝరణా ఏడుస్తూనే నమిలింది.

"గ్యాస్!" అని వీధిలోంచి కేక.

"వచ్చాడే, నీ ఎక్స్‌పెక్టింగు!" అంది నిశామణి. కళ్ళు తుడుచుకుంటూనే ఇద్దరూ నవ్వేశారు.

బండ లోపలికి చేరాక, నిశామణి ఆకులో రెండు ముక్కలు పెట్టుకుని పక్కింటి గోడ దగ్గరికి నడిచింది.

"కనకలతా, తీసుకో," వీధి మొత్తానికి వినబడేలా పిలిచింది. "మా కోడలికిష్టమని తెచ్చాను. ఇంకే విశేషమూ లేదు."