హేమలత పుట్టించిన రోగం

మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. ఆరో తరగతి పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నోరు మూసుకుని నిలబడడం హేమలతకు చేతకాదు.

"రమణి వాళ్ల గొర్రెలకు గాలికుంటు వచ్చింది. పొద్దున నా కళ్లతో చూసినాను" అంది.

గాలికుంటు అంటే మాటలు కాదు. పశువుల నోళ్లు, గిట్టలు పుండ్లు పడే అంటురోగం. హేమలత చూసింది మాత్రం ఒక గొర్రె కుంటడం, అంతే. పిల్లలంతా చుట్టూ మూగేసరికి ఆమెకు గొప్పగా అనిపించింది. రమణి ఆ రోజు బడికి రాలేదు. కాదనేవాళ్లే లేరు.

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. రమణి తాత కాటమరాజు ఆ వారం రైతు ఆదిశేషు చేలో మంద కట్టాలి. గొర్రెలు రాత్రిళ్లు అక్కడే పడుకుంటే చేనుకు ఎరువు, మందకు బోరు తొట్టిలో నీళ్లు. ఆదిశేషు వద్దన్నాడు. మిగతా రైతులూ తమ తొట్ల దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు రమణి సంచి లేకుండా బడికి వచ్చింది. వరండాలో ఏసమ్మ టీచర్‌తో మాట్లాడుతుంటే హేమలత విన్నది.

"రేపు మంద తోలుకుని దోర్నాల అడివి దిక్కు పోతున్నాము టీచర్. నేను గూడా పోవాల."

"మరి చదువు?"

రమణి తల దించుకుంది. "గొర్రె కాలికి ముల్లు దిగింది టీచర్. తాత తీసేసినాడు. చెప్తే ఎవరూ నమ్మట్లేదు. ఈ మాట ఎవరు పుట్టించినారో ఏమో."

రమణి వెళ్లిపోయాక హేమలత టీచర్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేసింది.

టీచర్ కోప్పడలేదు. "మొన్న బుద్ధుడి పాఠం చెప్పుకున్నాం కదా. మాట నోరు దాటకముందు ఏం చూసుకోమన్నాడు?"

"నిజమేనా, మంచి చేస్తుందా, దయతోనే అంటున్నామా అని."

"నువ్వు చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుని మాట్లాడు."

"అందరూ తిడతారేమో టీచర్!"

"తిడతారు" అంది టీచర్. ఓదార్చడానికైనా అబద్ధం చెప్పలేదు.

బడి వదలగానే హేమలత ఆదిశేషు చేనికి పరుగెత్తింది. ఏడుస్తూనే చెప్పింది.

"నిన్న అట్లంటివి, ఈ పొద్దు ఇట్లంటివి. నిన్నెట్ల నమ్మేది?" అన్నాడు ఆదిశేషు.

"నన్ను నమ్మొద్దు పెదనాయనా. నువ్వే వచ్చి చూడు."

ఆయన మంద దగ్గరికి వచ్చాడు. గొర్రె గిట్ట ఎత్తి చూశాడు. ముల్లు దిగిన గాటు తప్ప ఏమీ లేదు. నోరు తెరిచి చూశాడు. ఒక్క పుండూ లేదు. ఆయన మొహం చిన్నబోయింది. "మందను తొట్టి కాడికి తోలు కాటమరాజూ" అన్నాడు.

రమణి పరుగున వచ్చి హేమలత చెయ్యి పట్టుకుంది. "పెదనాయనను నువ్వే పిలుచుకొచ్చినావంట గదా! ఇంక మేము పోము!"

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఊరుకుంటే అట్లాగే ఉండిపోతుంది. హేమలతకు ఊరుకోవాలనే అనిపించింది.

"రమణీ, ఆ మాట పుట్టించింది నేనే" అంది.

రమణి చెయ్యి వదిలేసింది. ఆమె ఏమన్నా సరే వినాలని హేమలత అక్కడే నిలబడింది.