విమానం లేచిందా?

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్ళో క్యాలెండర్‌లో తేదీలే ఉంటాయి, రాహుకాలం ఉండదు. అదేమిటో ముందే చెప్పకపోతే ఈ కథ మీకు సగమే అర్థమవుతుంది. రోజులో కాసేపు మంచిది కాదని, ఆ వేళలో గడప దాటకూడదని ఇక్కడ చాలామంది నమ్మకం. ఇంటి గడప దాటకపోతే ఎవరికీ నష్టం లేదు. విమానం గుమ్మం దాటకపోతే ఏమవుతుందో సుగుణకు తెలుసు.

సుగుణ గువ్వ ఎయిర్‌కు కడపలో స్టేషన్ మేనేజర్. గువ్వ ఎయిర్ చౌక టికెట్ల సంస్థ. బ్యాటరీతో ఎగిరే చిన్న విమానాలు, కడప నుంచి విజయవాడ, అక్కడి నుంచి ఇంకో ఊరు. ఒకచోట ఆలస్యమైతే వెనకాల ఊళ్ళన్నీ ఆలస్యమే. కడప జనమేమో బ్యాగులు ఇచ్చేసి, సరిగ్గా గేటు దగ్గర నిలబడిపోయేవారు, ఇంకొంచెం పోనీ అమ్మా అంటూ. ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే వరుస మొత్తం వెనక్కి వెళ్ళి, కూర్చుని మంచినీళ్ళు తాగి వచ్చేది. సుగుణ బతిమాలింది, కసిరింది, మైకులో చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంది. చివరికి హెడ్డాఫీసు తేల్చేసింది: ఆలస్యాలు తగ్గకపోతే కడపకు విమానం ఉండదు.

కడపకు ఇంకా విమానమే రాని రోజుల్లో సుగుణ తన తండ్రిని కారులో విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలోనే ఆయన పోయాడు. అందుకే ఆమెకు అది ఉద్యోగం ఒక్కటే కాదు.

హెడ్డాఫీసు అలా హెచ్చరించిన రోజుల్లోనే వచ్చాడు శాస్త్రవేత్త ఇందుశేఖర్, ‘వేళ’ అనే యంత్రంతో. గేటు దగ్గరి కెమెరాలు చూసి, పాత ఆలస్యాలన్నీ చదివి, ఏ రోజు ఏ నిమిషంలో జనం పేచీ లేకుండా ఎక్కుతారో అది కనిపెడుతుంది. టికెట్ కొన్నవాళ్ళకు ఆ టైం పంపుతుంది. విమానం తలుపు మూసేదీ అదే.

"అంటే మీ కంప్యూటర్ కూడా పంచాంగం చూస్తుందా సార్?" అంది సుగుణ.

"అది గ్రహాలను లెక్కపెట్టదు మేడమ్. గ్రహాలను నమ్మే మనుషులను లెక్కపెడుతుంది."

నెల తిరిగేసరికి విమానాలు ఠంచనుగా లేవసాగాయి. హెడ్డాఫీసు సుగుణకు శాలువా కప్పింది. ఆ శాలువా మడత విప్పకముందే కొత్త తలనొప్పి మొదలైంది. ఇంత పెద్ద కంప్యూటర్ ఎంచిన టైం కంటే మంచి ముహూర్తం ఏముంటుందని జనానికి తోచింది. పెళ్ళికి, గృహప్రవేశానికి, బోరు వేయడానికి టికెట్లు కొనడం మొదలుపెట్టారు. ఎక్కడానికి కాదు, టైం తెలుసుకోవడానికి. పైగా, విమానం నిజంగా గాల్లోకి లేచినప్పుడే ఆ ముహూర్తం ఫలిస్తుందట. సీట్లన్నీ అమ్ముడయ్యేవి, విమానం ఖాళీగా ఎగిరేది. సుగుణ ఫోను మాత్రం ఆగేది కాదు. వెనకాల మేళం, ముందు ఒకటే ప్రశ్న: లేచిందా మేడమ్?

ఆమె ఇందుశేఖర్‌కు ఫోన్ చేసి మొత్తుకుంది. ఆలస్యాలు లేవు కదా మేడమ్ అన్నాడాయన.

"మనుషులు కూడా లేరు సార్."

ఒక ఉదయం ఓబయ్య అనే పెద్దాయన గేటు దగ్గరికి వచ్చాడు. విజయవాడలో కంటి ఆపరేషన్, ఆ పూటే చేరాలి. వారం నుంచీ టికెట్ దొరకలేదట. అద్దాల వెనక ఖాళీ విమానం కనిపిస్తూనే ఉంది. సుగుణ ఆయనను తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. టికెట్ లేని మనిషి ఉన్నాడని వేళ తలుపు మూయలేదు.

ఫోన్ మోగింది. ప్రొద్దుటూరు నుంచి పెళ్ళికూతురి తండ్రి. అల్లుడు తాళి పట్టుకొని కూర్చోనుండాడు మేడమ్, లేచిందా అన్నాడు.

"లేవలేదు. మీ సీటు ఇక్కడొక పెద్దాయన పేరు మీదికి మార్చండి, లేస్తుంది."

అవతల మేళం ఆగింది.

"సీటు ఇస్తే ముహూర్తం గూడా ఆయనకే పోతాదేమో మేడమ్?"

సుగుణ కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళూ తిట్టిన మాటలన్నీ మింగింది. "పోదు. పెద్దాయనకు చూపు వస్తే ఆ పుణ్యంతో మీ ముహూర్తానికి ఇంకా బలం," అంది, పురోహితుడి గొంతుతో.

సీటు మారింది. తలుపు కదిలింది. అంతలో ఓబయ్య తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. తలుపు ఆగిపోయింది. ఎప్పుడో నేర్చుకున్నది వేళ మరిచిపోలేదు. తుమ్మితే జనం వెనక్కి వెళ్ళి కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, అంతవరకూ ఆగాలి. సుగుణ నీళ్ళ సీసా పట్టుకొని మెట్లెక్కింది. తాగు పెద్దాయనా, ప్రొద్దుటూరులో పెళ్ళి ఆగిపోయింది అని బతిమాలింది. ఓబయ్యకు దాహం లేదు. ఆమె కోసం రెండు గుక్కలు తాగాడు.

విమానం లేచింది. ఆ మాట ఫోనులో చెప్పగానే అవతల మేళం అందుకుంది. కడప విమానం ఇప్పటికీ నడుస్తోంది. ఎక్కే పని నిజంగా ఉన్నవాళ్ళు మాత్రం ముందు సీటిచ్చే పెళ్ళివారిని ఎవరినైనా వెతుక్కోవాలి.

ఈ కథ మీ స్నేహితులకు చెప్పండి పిల్లలూ, రేపు మీ పిల్లలకూ చెప్పండి. చెబుతుండగా ఎవరైనా తుమ్మితే మాత్రం ఆగకండి.