మొదటి చెంబు

సోమశిల పంప్‌హౌస్ ఇంజనీరు గోపాలయ్య టీ గ్లాసు నోటికి ఎత్తబోతూనే బుల్లెట్ తగిలి కూలిపోయాడు. వెంటనే మోటార్లు పేలిపోయాయి. తెల్లారేసరికి ఆత్మకూరు కొళాయిలు గాలి కక్కుతున్నాయి.

"ఏజెంట్ ధనుంజయ!" చెవిలోని రిసీవర్‌లో ఢిల్లీ నుంచి చీఫ్ గొంతు. "ఎమర్జెన్సీ వాటర్ ప్లాన్ మొదలైంది. ఫస్ట్ ప్రయారిటీ డయాలసిస్ సెంటర్. తర్వాత జనం గొంతులు. ఆ తర్వాత గొడ్లు. కట్టుబడి పనులకు చుక్క లేదు. విదేశీ ముఠా గురి మొదటి ట్యాంకరు మీదే. ఆ నీళ్లలో తేడా వస్తే పేషెంట్ల రక్తంలోకే పోతుంది. ఇక ఊళ్లో ఏ ట్యాంకరునూ ఎవడూ నమ్మడు."

"ఎస్ సార్."

"మీ అమ్మ ఈరోజు అక్కడే ఉంది. అయినా నువ్వెవరో ఆమెకూ తెలియకూడదు."

ధనుంజయ పళ్లు కొరికాడు. ఉదయగిరి పక్క బోరు నీళ్లు తాగినన్నాళ్లు ఆమెకు ఏ ఆఫీసరూ ప్రయారిటీ ఇవ్వలేదు. ఆ నీళ్లకే కిడ్నీలు పోయాక మొదటి నంబరిచ్చారు!

గుబురు మీసం అతికించుకుని, మాసిన ఖాకీ తొడుక్కుని, డ్రైవర్ పెంచలయ్య పక్కన క్లీనరుగా కూర్చున్నాడు. ట్యాంకరు సెంటర్ గేటు ముందు ఆగింది.

నల్లద్దాలు పెట్టుకుని సెంటు ఘుమఘుమలతో ఒక సుందరి ఎదురొచ్చింది. మేఘన. ప్లాన్ గీసిన వాటర్ కన్సల్టెంటు, చీఫ్‌కు రహస్యంగా కబుర్లు చేరవేసే మనిషి.

"మబ్బు పట్టినట్టుందే!" అంది కోడ్ ప్రకారం.

"పెన్నకు చెప్పండి," అన్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. "ఈ ట్యాంకరులో విషం కలిపేశారు. మన సెన్సర్‌కు దొరకని రకం. వాల్వు తిప్పి రోడ్డు మీద వదిలెయ్. స్పేర్ ట్యాంకరు తెప్పించాను."

వెనక నీలం ట్యాంకరు నిలబడి ఉంది. ధనుంజయ వాచీలోని సెన్సర్ రెండింటికీ పచ్చలైటే చూపించింది.

"ఆమె చెప్పినట్టు చెయ్!" అన్నాడు చీఫ్.

"సంపు అడుగంటింది! మిషన్లు ఆగిపోతాయి!" లోపల్నుంచి టెక్నీషియన్ కేక.

ధనుంజయ చెయ్యి వాల్వు మీద పడింది.

"ఏందిరా ఆలీసం? చెంబు యాడుండాది?"

వరండాలో చక్రాల కుర్చీ. అమ్మ, హనుమాయమ్మ!

ఈ పక్క ట్యాంకరు ఎక్కడ ఆగినా ఒక కట్టుబాటుంది. బిందె పెట్టకముందే మొదటి చెంబు బండి తెచ్చినోడు తాగాలి. ఒక ఎండాకాలం ఎవడో మురుగు నీళ్లు తెచ్చి పోసినాక ఆడవాళ్లు పెట్టిన రూలది. ఢిల్లీ ప్లాన్‌లో ఆ ముక్క లేదు.

"నన్ను గూడా నమ్మవా పెద్దమ్మా?" అన్నాడు పెంచలయ్య.

"నమ్మే గదరా ఈ కుర్చీలో కూసున్నా. తాగు!"

ధనుంజయ "వద్దు!" అనేలోపే పెంచలయ్య తన ట్యాంకరు నీళ్లు చెంబులో పట్టి గటగటా తాగేశాడు. "మన సోమశిల నీళ్లే," అని మూతి తుడుచుకున్నాడు.

ముసలామె నీలం ట్యాంకరు డ్రైవరు వైపు తిరిగింది. "నువ్వూ తాగు నాయనా. నన్ను డాక్టరు తాగొద్దన్నాడు, నువ్వు తాగతంటే కళ్లారా చూస్తా."

"నాకు దాహం లేదు," అన్నాడు వాడు.

"మంట పుట్టే ఎండలో దాహం లేదంట!" గేటు కాడి ఆడవాళ్లు నవ్వారు. వాడి చూపు మేఘన మీదికి పోయింది. ఒక్క క్షణమే. ధనుంజయకు అది చాలు.

నీలం ట్యాంకరు కింద చెంబు నింపి మేఘన ముందు పట్టాడు. "పోనీ మీరు తాగండి మేడమ్."

మేఘన హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ పిస్టల్ లేచింది. చెంబెడు నీళ్లూ ఆమె మొహాన కొట్టాడు. మేఘన రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. పిస్టల్ కింద పడింది. పారిపోబోయిన డ్రైవరును ఆడవాళ్లు బిందెలతో కుమ్మేశారు.

"పెంచలయ్యా, పైపు తగిలించు!"

లోపల ఆఖరి అలారం మోగుతుండగా మంచి నీళ్లు సంపులోకి దూకాయి. అలారం ఆగింది.

"వెల్‌డన్! ఏ గాడ్జెట్ వాడావు?" చీఫ్ గొంతులో సంబరం.

"స్టీలు చెంబు సార్."

తల దించుకుని కుర్చీ పక్కనుంచి జారుకోబోయాడు ధనుంజయ. హనుమాయమ్మ అటు చూడకుండానే అంది:

"అబ్బయ్యా, ఆ మీసం నీకు బాగలేదురా."