పడటం నేర్చుకున్న అత్తగారు

కుక్కర్ కూతలు పెడుతుంటే స్టవ్ ఆపడానికి కొడుకే లేచి రావలసి వచ్చింది. కోడలు ఇంకా వాకింగ్ నుంచి తిరిగి రాలేదు. అత్తగారు ఎప్పటిలాగే హాల్లో చేతుల కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కుర్చీ పక్కన చేతికర్ర, పిలవడానికి ఒక గంట, గోడ పొడుగునా పట్టుకోవడానికి స్టీలు కమ్మీలు. కిందటేడాది స్నానాలగదిలో జారి ఆవిడ తుంటి విరిగాక కొడుకు దగ్గరుండి చేయించిన ఏర్పాట్లు అవన్నీ.

ఎముక ఎప్పుడో అతుక్కుంది. హాయిగా నడవమని డాక్టరు చెప్పాడు. అయినా ఆవిడ వాళ్లుండే మూడో అంతస్తు దిగలేదు. ఒకప్పుడు హెడ్ నర్సుగా, ఆపరేషన్ అయినవాళ్లను బతిమాలి, కసిరి, వార్డంతా నడిపించిన మనిషి ఆవిడ.

ఇంతలో కోడలు వచ్చింది. అరచేయి దోక్కుపోయి ఉంది. జడలో గడ్డిపరక.

"వాకింగ్‌లో చేతులు కూడా అరుగుతాయా?" అన్నాడు మొగుడు.

"పడ్డాను లెండి," అని ఆమె వంటింట్లోకి తప్పుకుంది.

అతనికి కళ్లద్దాల షాపు ఉంది. ఆ మధ్యాహ్నం ఒకాయన కొత్త అద్దాలు పెట్టుకుని, చూపు ఎలా ఉందో చూసుకోవడానికి ఫోన్ తీశాడు. "ఇప్పుడు బాగా కనిపిస్తోందండీ. ఈ వీడియో చూడండి, మన పార్కే. ఈవిడెవరో గానీ గట్టి పిండం." చూస్తే, ఒకావిడ పరుగున వచ్చి, గోడ మీద చేతులు ఆనించి, కాళ్లు ముడుచుకుని అవతలికి దూకుతోంది. తన భార్యే.

సాయంత్రం ఆమె పనినుంచి వచ్చి చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

"గోడలు దూకడం ఎప్పట్నుంచి?"

ఆమె బ్యాగు కింద పెట్టింది. "కొన్నాళ్లయింది. పార్కూర్ అంటారండీ. దార్లో గోడో, కమ్మీయో, మెట్లో అడ్డొస్తే చుట్టూ తిరిగిపోకుండా మన ఒంటితోనే దాటడం."

"శుభ్రమైన దారి ఉండగా గోడ దాటే ఖర్మ ఏమొచ్చింది నీకు?"

"అత్తయ్య పడ్డ రోజు మీరు షాపులో ఉన్నారు. నేను ఆవిణ్ణి ఇంత కూడా కదపలేకపోయాను. పక్కింటివాళ్లు వచ్చేదాకా తడి నేల మీద కూర్చుని ఏడ్చాను. పొద్దస్తమానం ప్రెస్సులో వంగి ప్రూఫులు దిద్దే ఒళ్లు. మెట్లెక్కితేనే ఆయాసం. ఆ చేతకానితనం నన్ను తినేసింది."

"నాతో ఒక్క మాట అనాలిగా."

"అంటే వెళ్లనిచ్చేవారా?"

"రేపు నువ్వు కూడా కాలు విరగ్గొట్టుకుంటే ఈ ఇల్లు ఎవరు చూస్తారు? పడతానన్న భయమైనా లేదా నీకు?" అన్నాడు.

"ఎందుకు లేదూ. మా కోచ్ ఉంది, పొడుగాటి పిల్ల, అందరూ స్ప్రింగు అంటారు. మొదట్లో అసలు దూకనివ్వలేదు. పేవ్‌మెంటు అంచు మీద నడిపించింది, అంతే. తర్వాత పడటం నేర్పింది. భయాన్ని తిట్టొద్దు, కూర్చోబెట్టి అడుగు అంటుంది. ఇది నీవల్ల కానిదా, ఇంకా నేర్చుకోనిదా అని. కానిదైతే వెనక్కి రావడంలో సిగ్గేం లేదు. నేర్చుకోనిదైతే ఇంకా చిన్న గోడ వెతుక్కోవాలి. అక్కడ పోటీల్లేవు. ఒంట్లో సత్తువ ఉండేది గొప్పలకి కాదు, అవసరానికి ఒకరికి ఆసరా అవడానికట."

బఠాణీల గిన్నె పక్కన పెట్టిన చప్పుడయింది. "పడటం నేర్పుతారా?" అంది అత్తగారు.

"నేర్పుతారత్తయ్యా."

"అయితే నాకూ నేర్పు."

"అమ్మా, నీకేమైనా మతిపోయిందా?"

"మతి ఉండబట్టే అడుగుతున్నాన్రా. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ పడతానేమోనని చస్తున్నాను. ఆ కమ్మీలు పట్టుకుని తిరుగుతుంటే నా ఇంట్లో నేనే పేషెంటునయ్యాను. వార్డులో ఇలాంటివాళ్లను ఎంతమందిని కసిరానో. నన్ను కసిరే దిక్కే లేకపోయింది."

"మళ్లీ విరిగితే?" అన్నాడు కొడుకు. లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరితోనూ ముభావంగానే ఉన్నాడు.

డాక్టర్ని అడిగి, కోడలు హాల్లో పరుపు పరిచింది. మొదటి పాఠం నేల మీద కూర్చోవడం. అత్తగారు కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా దిగింది. చేత్తో నేల తడిమి చూసుకుంది. "ఇంత దగ్గర్లోనే ఉందా ఇది," అంటూ కళ్లు తుడుచుకుంది. తర్వాత పక్కకి ఒరగడం, మోకాళ్ల మీదికి రావడం, ఒక పాదం ముందు మోపి లేవడం. "నా కింద పనిచేసిన జూనియర్లు నన్నిలా చూస్తే పడీపడీ నవ్వుకుంటారే అమ్మాయ్," అనేది. అప్పుడు ఇద్దరూ నవ్వుకునేవారు. పరుపు మీద కుదిరాక మెట్లు మొదలుపెట్టారు. ముందు ఒక అంతస్తు, కొన్నాళ్లకు రెండు.

ఒక ఆదివారం పొద్దున అత్తగారు పార్కుకి బయల్దేరింది. ఆపలేక కొడుకు వెనకే వెళ్లాడు.

పచ్చిక చుట్టూ అడుగెత్తు కూడా లేని సిమెంటు అంచు ఉంది. ఆవిడ చేతికర్ర కోడలికిచ్చి దాని మీదికి ఎక్కింది. గోడల దగ్గర దూకుతున్న కుర్రకారంతా ఆగి చూస్తున్నారు. చేతులు చాచి అడుగులో అడుగు వేస్తూ సగం దూరం వెళ్లాక, కాలు జారింది.

కొడుకు పరిగెత్తబోయాడు. భార్య చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క క్షణం ఆగండి."

ఆవిడ బిగుసుకుపోలేదు. మోకాళ్లు వంచి, పక్కకి తిరిగి, భుజం మీదుగా గడ్డిలోకి ఒరిగింది. కాసేపు అలాగే పడుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత బోర్లా తిరిగి, అరచేతులు ఆనించి, మోకాళ్ల మీదికి వచ్చి, పాదం మోపి, లేచి నిలబడింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. కోచ్ స్ప్రింగు నడుం మీద చేతులు పెట్టుకుని, తోటివాళ్లకు తల ఊపినట్టే ఆవిడకీ తల ఊపింది.

"లేచేటప్పుడు పాదం సరిగ్గానే వేశానా?" అని కోడల్ని అడిగింది అత్తగారు.

"నాకంటే బాగా వేశారు."

ఆ మాట అంటున్న భార్య ముఖం, వగరుస్తూ నిటారుగా నిలబడ్డ తల్లి ముఖం చూస్తుంటే అతనికి కళ్లు మసకబారాయి. "అమ్మ పడకుండా చూసుకుంటున్నాననుకున్నాను," అన్నాడు భార్యతో నెమ్మదిగా. "లేవకుండా కూడా చేసింది నేనే."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఆ ఏడుపేదో అయ్యాక కాస్త పక్కకి జరగరా," అంది తల్లి, చీరకంటిన గడ్డి దులుపుకుంటూ. "నేను మళ్లీ ఎక్కాలి."