లోలా ఇంటి మెట్లు

ఫ్రీమాంట్‌లో లేక్ ఎలిజబెత్ ఒడ్డున తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నిశాంత్ నోరు జారాడు. నోరు జారకుండా ఉంటే ఈ ప్రేమ మొదలయ్యేదే కాదు, ఆదివారం ఆదివారం బట్టలు ఉతుక్కుంటూ హాయిగా బతికేవాడు.

2010 జూలై. భోజనాల లైన్‌లో అతని ముందు ఓ అమ్మాయి నిలబడింది. చిన్న కళ్ళు, నడుము దాటిన జుట్టు, చెవులకి ముత్యాలు. ప్లేట్లో గోంగూర పచ్చడి గరిటె నిండా వేసుకుంది.

"ఆ ఫిలిప్పీనో పిల్లను చూడుర," అన్నాడు నిశాంత్ వెనకున్న రూమ్మేట్ రాఘవులుతో, వరంగల్ తెలుగులో, ధైర్యంగా. "గోంగూరను పాలకూర అనుకుంటున్నది. ఒక్క ముద్ద తిననీ, తమాషా చూద్దాం."

ఆ అమ్మాయి తల తిప్పలేదు. "ఇది గోంగూర అని నాకు తెలుసు. మా డాడీ బ్యాక్‌యార్డ్‌లో గ్రో చేస్తాడు," అంది అమెరికన్ యాసలో. "నీకు తమాషా ఇక్కడ కావాలా, మా డాడీ ముందర కావాలా?"

రాఘవులు ప్లేటుతో సహా మాయమయ్యాడు. నిశాంత్ మాత్రం చేతిలో అప్పడం పట్టుకుని అక్కడే కొయ్యబారిపోయాడు.

ఆమె పేరు ఉజ్వల. తండ్రి పద్మనాభం గారిది బాపట్ల, ఫార్మసిస్టు. తల్లి మరీసెల్ ఫిలిప్పీన్స్‌లోని బోహోల్ దీవి నుంచి నర్సుగా వచ్చింది. ఒకే హాస్పిటల్‌లో మందులిచ్చే కిటికీకి ఆయన లోపల, ఆవిడ బయట. అలా కలిసిన ఆ ఇద్దరూ ఫ్రీమాంట్ పక్కనే యూనియన్ సిటీలో కాపురం పెట్టారు. ఆ ఇంట్లో ఒక పొయ్యి మీద పప్పుచారు, ఇంకో పొయ్యి మీద వెనిగర్ పోసిన చికెన్ ఎప్పుడూ పక్కపక్కనే ఉడుకుతుంటాయి.

ఉజ్వల బర్క్‌లీలో పాత కట్టడాల మీద చదువుతోంది. ఏటా వేసవిలో బోహోల్ వెళ్ళి, స్పానిష్‌వాళ్ళ కాలంనాటి చర్చిల గోడలు కొలిచి, వందల కొద్దీ ఫోటోలు తీసుకుని వస్తుంది. అవన్నీ అతికించి ఒక్కో గోడని ఒకే బొమ్మగా చెయ్యాలి.

"సాఫ్ట్‌వేర్ కుర్రాడివి కదయ్యా, మా అమ్మాయికి కాస్త హెల్ప్ చెయ్యి," అన్నారు పద్మనాభం గారు, గోంగూర సంగతి విని కడుపుబ్బ నవ్వాక. నిశాంత్ శిక్ష పడినవాడిలా మొహం పెట్టాడు. కానీ ఆ శిక్ష అనుభవించడానికి ప్రతి శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

"ఈ గోడలు సముద్రంలోంచి తీసిన కోరల్ రాళ్ళు. ఎగ్ వైట్ కలిపిన సున్నంతో కట్టారంట," అని చెప్పింది ఆమె ఓ శనివారం.

"మరి పచ్చసొన ఏం చేసిన్రు?"

"స్వీట్స్. అందుకే మా గ్రాండ్‌మా ఊళ్ళో స్వీట్స్ చాలా వరకూ ఎల్లో."

"అంటే ఊరంతా కలిసి చర్చి కట్టి, షుగర్ తెచ్చుకున్నరు."

ఆమె నవ్వితే చిన్న కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి. ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం నిశాంత్‌కి అలవాటైంది. ఆ చలికాలం ఒక సాయంత్రం బార్ట్ రైలు స్టేషన్ బయట వాన పట్టుకుంది. గొడుగు ఒక్కటే ఉంది. గొడుగంతా ఆమె మీదే పట్టి, తను నిలువునా తడిసిపోయాడు.

"యూ ఆర్ యాన్ ఇడియట్," అంది ఉజ్వల.

"తెలుసు."

"ఐ లవ్ యూ అని చెప్పడానికి నీకు ఇంకెన్ని వానలు కావాలి?"

అతను చెప్పాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే.

పద్మనాభం గారికి అభ్యంతరం లేదు. "నాదేముందయ్యా. నువ్వు మా అత్తగారి మెట్లెక్కాలి," అన్నారు.

అది మాట వరసకు అన్నది కాదు. ఆ దీవిలో పిల్లని అడగాలంటే అబ్బాయి తనంతట తాను పిల్ల వాళ్ళ ఇంటికి వెళ్ళి, మెట్లెక్కి, పెద్దల ముందు కూర్చుని నోరు తెరిచి అడగాలి. పద్మనాభం గారు కూడా ఒకప్పుడు జీడిపప్పు డబ్బా పట్టుకుని ఆ మెట్లు ఎక్కినవారే. ఆ ఇంట్లో ఇప్పుడు పెద్ద దిక్కు లోలా. లోలా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆవిడ ముందు కూర్చుని అడిగితేనే ఉజ్వల అతనిది. ఇంకేమీ అక్కర్లేదు, రెండు విమానాలు, ఒక పడవ, కొన్ని మెట్లు.

ఆ మాత్రం దానికి నిశాంత్ భయపడ్డాడు.

అతను చదువుకోడానికి వచ్చినప్పటి వీసా ఎప్పుడో అయిపోయింది. ఉద్యోగం వీసా కాగితం మీద ఉంది గానీ, పాస్‌పోర్ట్‌లో ఆ స్టాంప్ లేదు. అమెరికాలో ఉన్నంతకాలం ఫరవాలేదు. ఒక్కసారి బయట అడుగు పెడితే మాత్రం కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని గానీ తిరిగి రావడానికి లేదు. రాఘవులు చెల్లెలి పెళ్ళికి ఒంగోలు వెళ్ళి ఆ స్టాంపింగ్‌లో ఇరుక్కున్నాడు. నెలల తరబడి 'ప్రాసెసింగ్' అన్నారు, ఈలోగా ఇక్కడ ఉద్యోగం ఊడింది. అతని మంచం, కుక్కర్ అమ్మిపెట్టింది నిశాంతే. పాము కాటు తిన్నది రాఘవులు, తాడుని చూసి ఉలిక్కిపడింది నిశాంత్.

"వస్తా ఉజ్జీ, గ్యారంటీగా వస్తా. ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనీ," అన్నాడు మొదటి ఏడు. "కంపెనీల లేఆఫ్స్ అంటున్నరు, ఇప్పుడు కదిలితే కష్టం," అన్నాడు రెండో ఏడు.

ఉజ్వల పోట్లాడలేదు. తను వెళ్ళినప్పుడల్లా ఫోన్ పట్టుకుని అతన్ని స్కైప్‌లో దీవంతా తిప్పింది. ఫ్రీమాంట్‌లో సాయంత్రం అయిదైతే అక్కడ మర్నాడు పొద్దున్న ఎనిమిది. అతను ఆఫీస్ పార్కింగ్‌లో కారులో కూర్చుని, ఆటుపోటుకి సముద్రం అరమైలు వెనక్కి వెళ్ళిపోవడం చూశాడు. ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఆ తడి ఇసుకలో గవ్వచేపలు ఏరుకుంటున్నారు. రెండు పక్కలా వెదురు చేతులు చాపిన పడవలు ఒడ్డున ఒరిగి ఉన్నాయి. తిరునాళ్ళ రోజున ఊళ్ళో ఏ ఇంటి తలుపూ వెయ్యరట, దారిన పోయేవాడు లోపలికి వచ్చినా విస్తరి వేస్తారట. ఆ తిరునాళ్ళూ చూశాడు. చర్చి లోపల కప్పు మీద రంగులు వెలిసిన దేవదూతలు కనిపించారు.

"కొత్త చర్చిలో ఫస్ట్ టైమ్ అడుగు పెడితే ఒక విష్ చేసుకోవచ్చు," అంది ఉజ్వల.

"అయితే నేను కూడా చేసుకుంటున్న, ఆగు."

వెనకనుంచి లోలా ఏదో అంది. ఉజ్వల పగలబడి నవ్వి తర్జుమా చేసింది. "కాళ్ళు లేని వాళ్ళకి విష్ లేదంట. ఫోన్‌లో పిల్లని అడిగే వాడికి పిల్ల ఫోటో మాత్రమే ఇస్తుందంట."

తెరలోకి ఒక ముడతల మొహం వంగింది. అతన్ని కాసేపు పరీక్షగా చూసి, "బాగా చిక్కావు, వచ్చి తిను," అంది ఆవిడ. ఆ మాట అర్థం కావడానికి తర్జుమా అక్కర్లేదు, చేత్తో నోటికి చూపించింది. నిశాంత్‌కి తన నానమ్మ గుర్తొచ్చింది. వచ్చే డిసెంబర్‌లో తప్పకుండా వెళ్ళాలనుకున్నాడు. ఇలాంటి డిసెంబర్లు కారు అద్దంలోంచి చూసిన ఊళ్ళలాంటివి, దగ్గరగానే కనిపిస్తాయి గానీ వెనక్కి వెళ్ళిపోతుంటాయి.

2013 అక్టోబర్‌లో ఒక సోమవారం సాయంత్రం ఉజ్వల ఫోన్ చేసింది. అప్పుడామె యూనియన్ సిటీలోనే ఉంది. ఆమె గొంతు అతను గుర్తుపట్టలేదు.

"బోహోల్‌లో ఎర్త్‌క్వేక్. చర్చి పడిపోయింది. లోలా పువ్వులు పెట్టడానికి వెళ్ళింది, నిశాంత్. లోపల ఉంది."

మర్నాడు మధ్యాహ్నం ముగ్గుర్నీ ఎయిర్‌పోర్ట్‌కి అతనే డ్రైవ్ చేశాడు. మరీసెల్ ఆంటీ దారంతా జపమాల తిప్పుతూనే ఉంది. పద్మనాభం గారు సూట్‌కేసులు దించుతూ, "సీట్లున్నాయట. నువ్వు కూడా వస్తే బాగుంటుంది నాయనా," అన్నారు.

నిశాంత్ జేబులో పాస్‌పోర్ట్ ఉంది. పొద్దున్న తనే పెట్టుకున్నాడు. చెయ్యి దాని మీదే ఉంది.

"వస్తావా?" అంది ఉజ్వల.

"ఉజ్జీ... స్టాంపింగ్ లేదు. ఇప్పుడు పోతే ఎప్పుడొస్తనో తెల్వదు. వచ్చే నెల రిలీజ్..." ఆ మాటలు తనకే సిగ్గనిపించాయి. అయినా మధ్యలో ఆపలేకపోయాడు.

ఆమె అతని చొక్కా కాలర్ సర్దింది. "ఓకే. ఇట్స్ ఓకే."

మగవాళ్ళు నమ్మకూడని మాటలు కొన్ని ఉంటాయి, వాటిలో మొదటిది ఇదే. నిశాంత్ దాన్ని నమ్మి, కారు ఎక్కి, ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు.

లోలా అంత్యక్రియలయ్యాక తల్లిదండ్రులు తిరిగి వచ్చారు, ఉజ్వల రాలేదు. కూలిన చర్చి రాళ్ళని ఒక్కొక్కటే ఏరి, నంబర్లు వేసి, ఏ రాయి ఏ గోడదో తేల్చే పని మొదలైంది. ఆ గోడల్ని అంత దగ్గరగా కొలిచినవాళ్ళు ఆమెలాంటి వాళ్ళు కొందరే. నిశాంత్ ఫోన్ చేసినప్పుడల్లా మాట్లాడేది, బాగానే మాట్లాడేది. తన అంతట తాను ఫోన్ చెయ్యడం మాత్రం మానేసింది.

ఏప్రిల్ వచ్చేసరికి అతనికి ఉద్యోగం మీద భయం చచ్చిపోయింది. అంతకంటే పెద్ద భయం పట్టుకుంది మరి. సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్ళి కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డాడు. ఏ కంపెనీ అని అడిగారు, ఏం పని చేస్తావని అడిగారు. అంతే, అయిపోయింది. ఇన్నేళ్ళూ అతన్ని కదలనివ్వని స్టాంపింగ్‌కి, చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. బయటికి వచ్చి పేవ్‌మెంట్ మీద కూలబడ్డాడు. సంతోషం తట్టుకోలేక అనుకుని పక్కవాళ్ళు కంగ్రాట్స్ చెప్పారు.

పాస్‌పోర్ట్ చేతికి రాగానే అక్కడి నుంచే మనీలా, మనీలా నుంచి సెబు, సెబు నుంచి పడవ. ఉజ్వల రేవు దగ్గర నిలబడి ఉంది. ఎండకి నల్లబడింది, చేతులు సున్నంతో పగిలి ఉన్నాయి. చూడగానే నవ్వింది.

మూడు రోజులు అతన్ని ఊరంతా తిప్పింది. ఫోన్‌లో చూసిన ప్రతి చోటూ అతనికి కంఠతా వచ్చు. ఎండు చేపల వాసన, కాళ్ళ కింద గవ్వలు గుచ్చుకోవడం మాత్రం కొత్త. సముద్రం వెనక్కి వెళ్ళిన చోట ఆడవాళ్ళు తలెత్తి, ఎవరని అడిగారు.

"మై ఫ్రెండ్. కాలిఫోర్నియా నుంచి," అని చెప్పింది ఉజ్వల.

చర్చి ఉన్న చోట నంబర్లు వేసిన రాళ్ళు వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి, పైన ఆకాశం. లోలా ఇంటికి గోడలు బీటలిచ్చాయని మెట్లకి అడ్డంగా తాడు కట్టారు. ఎక్కకూడదు. నిశాంత్ ఆ తాడు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఉజ్వల దూరంగా జరిగి, అతనికి తోడుగా ఉన్నట్టూ లేనట్టూ కూర్చుంది.

పక్కింటివాళ్ళు భోజనం పెట్టారు. మంచి ముక్కలన్నీ ఏరి అతని ప్లేట్లోనే వేశారు. ఇంటి అల్లుడికి కాక, చుట్టపుచూపుగా వచ్చినవాడికి చేసే మర్యాద అది. అతను తల వంచుకుని తిన్నాడు.

వెళ్ళే రోజు ఉజ్వల, అతను ఎక్కాల్సిన దానికంటే ఒక పడవ ముందుదానికే టికెట్ కొనిపెట్టింది. "నీ ఫ్లైట్ మిస్ అయితే జాబ్‌కి ప్రాబ్లమ్ కదా." ఆ మాటలో వెటకారం ఏ కోశానా లేదు. అదే అతన్ని పొడిచింది.

"ఉజ్జీ, నన్ను పెండ్లి చేసుకుంటవా?" అన్నాడు రేవులో, కూలీలు బస్తాలు మోస్తుండగా. "జాబ్ వదిలేస్త. ఇక్కడే ఉంట. రాళ్ళు మోస్త."

ఉజ్వల అతని వైపు తిరిగింది.

"ఇక్కడ ఎవరన్నా పోతే దూరం వాళ్ళు వచ్చేవరకూ బరీ చెయ్యరు. తెలుసా?" అంది. "అందరూ వచ్చేశారు. కానీ మా మామ్ చర్చి ఫాదర్‌కి చెప్పింది, ఇంకొకరు రావాలి, ఆగండి అని. రెండు రోజులు. ఆఫ్టర్‌షాక్స్ వస్తున్నాయి, ఇంట్లో ఎవరూ పడుకోట్లేదు, టెంట్‌లో లోలాని పెట్టుకుని కూర్చున్నాం. నైబర్స్ అడుగుతున్నారు, ఆ అబ్బాయి ఏ బోట్‌లో వస్తున్నాడు అని. నేను రోజూ ఈ రేవుకి వచ్చాను, నిశాంత్. నువ్వు రావని తెలిసి కూడా వచ్చాను."

"నాకు చెప్పలేదు గదా."

"అడిగాను కదా. ఎయిర్‌పోర్ట్‌లో." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాకు కోపం లేదు. కోపం ఉంటే ఈజీ. ఐ స్టిల్ లవ్ యూ. కానీ నాకు భయం వేసిన రోజు నువ్వు వస్తావో రావో అని చూస్తూ బతకలేను. అది నా వల్ల కాదు."

పడవ కూత పెట్టింది. ఎండు మామిడి పొట్లాలు అతని సంచిలో కుక్కింది, ఆఫీస్‌వాళ్ళకి ఇవ్వమని. అతను వచ్చాక మొదటిసారి అతన్ని గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇమిగ్రేషన్ ఆఫీసర్ పాస్‌పోర్ట్ తిరగేసి, ఫిలిప్పీన్స్ ఎందుకు వెళ్ళావు, వెకేషనా అని అడిగాడు.

"కాదు. ఒకరింటికి వెళ్ళాల్సి ఉండె," అన్నాడు నిశాంత్ ఇంగ్లీషులో. "లేటుగా వెళ్ళిన."

ఆఫీసర్ ఒక్క క్షణం అతని మొహం చూసి, ముద్ర కొట్టి లోపలికి పంపేశాడు.

బయట పద్మనాభం గారు స్వెటర్ వేసుకుని నిలబడి ఉన్నారు. నిశాంత్ ఆయనకి ఫ్లైట్ సంగతి చెప్పలేదు.

"మీరెందుకొచ్చిన్రు అంకుల్?"

"ఉజ్జి ఫోన్ చేసిందయ్యా. ఆ అబ్బాయి ఏడుస్తూ వస్తాడు, ఒక్కడినీ ఇంటికి పంపకు డాడీ అంది." ఆయన చెయ్యి చాపి అతని సంచి తీసుకున్నారు. "ఆంటీ అన్నం వండి పెట్టింది. కారు దూరంగా ఉంది, మెల్లగా నడుద్దాం."

నిశాంత్ ఆయన భుజం పట్టుకుని నిలబడిపోయాడు. చుట్టూ జనం పెట్టెలు లాక్కుంటూ వెళ్ళిపోతున్నారు. పద్మనాభం గారు తొందరపెట్టలేదు.